కోట ముందు నిలబడ్డ అమ్మ

పోయిన నెల బీరువా కొందామని గుంటూరులో ఒక ఫర్నిచర్ షాపుకి వెళ్ళాను. సోఫాలు వరసగా పెట్టిన చోట గోడకు ఒక పెద్ద ఫోటో తగిలించి ఉంది. పాతకాలంలో తీసింది. సముద్రం ఒడ్డున దొరలు కట్టిన కోట. ఎత్తైన గోడ, బురుజు, దాని మీద జెండా కర్ర, కింద రెండు ఫిరంగులు. "హాల్లోకి బ్రహ్మాండంగా ఉంటుంది మేడమ్, పాతకాలం లుక్కు. డాక్టర్లు, లాయర్లు అందరూ ఇవే తీసుకెళ్తున్నారు" అన్నాడు సేల్స్‌మన్. నేను దగ్గరికి వెళ్ళి, వంగి, ఫోటో అడుగుభాగం చూశాను. నేల ఊడ్చిపెట్టినట్టు ఉంది. ఒక్క మనిషి లేడు.

"ఇందులో మనుషులేరీ?" అన్నాను.

"మనుషులెందుకు మేడమ్? కోట కదా!"

ఒళ్ళు మండిపోయింది. ఆ గోడ దానంతటదే మొలిచిందా, రాళ్ళు వాటంతటవే ఎక్కి కూర్చున్నాయా అని అతని మీద అరిచాను. పాపం, అతనికేం తెలుసు? బీరువా కొనకుండానే బయటికొచ్చేశాను. ఆ చోట మా నాయనమ్మ సుబ్బరావమ్మ ఉండుంటే అరుపులతో పోయేది కాదు. ఆవిడ పోయి నాలుగేళ్ళవుతోంది. ఆవిడ సంగతి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఆ షాపు పుణ్యమా అని ఇవాళ కూర్చున్నాను.

చిలకలూరిపేటలో మా వీధిలో ఎవర్ని అడిగినా మా నాయనమ్మ గురించి మొదట చెప్పేది ఆవిడ నోటి గురించే. పంపు దగ్గర ఎవరైనా వరస తప్పి బిందె ముందుకు జరిపితే, ఆ బిందె కాలవలో తేలేది. కండక్టరు "తొందరగా ఎక్కు ముసలమ్మా" అంటే, "నీ బస్సేమన్నా విమానమా?" అని మెట్టు మీదే నిలబడి పంచాయితీ పెట్టేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా అని మా నాన్న నచ్చజెప్పబోతే, "ముందు ఊర్ని మంచిగా ఉండమనరా, నా నోటి సంగతి తర్వాత చూద్దాం" అనేది. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో మాకెవరికీ తెలియదు. పుట్టుకతో వచ్చిందనుకునేవాళ్ళం.

పుట్టింది పొదిలి వైపు. రాళ్ళు కొట్టి, సున్నం నూరి, గోడలు కట్టి బతికే కుటుంబం. అవన్నీ మెట్ట పొలాలు. వాన పడని ఏడు ఇల్లు కట్టించుకునే రైతెవడూ ఉండడు. అలాంటి ఒక కరువులో వాళ్ళ నాన్న పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని చెన్నపట్నం వెళ్ళాడు. దొరల కాలం. అక్కడి కోట గోడలకు మరమ్మతులు జరుగుతుంటే పనిలో కుదిరారు. నాన్న రాయి చెక్కేవాడు. అమ్మ సున్నం తట్ట మోసేది. ఏడో ఎనిమిదో ఏళ్ళ ఈ పిల్ల మంచినీళ్ళు అందించేది. ఆ వానల్లోనే వాళ్ళమ్మకు కలరా తగిలింది. పొద్దున తట్ట ఎత్తిన మనిషి సాయంత్రానికి లేదు. ఎక్కడ పూడ్చారో కూడా పిల్లకు చూపించలేదు. నాన్న ఆ పిల్లను రైలెక్కించి ఊరికి తీసుకొచ్చి మేనత్తకు అప్పగించాడు.

"మా అమ్మ తిట్లు గుర్తున్నాయే, కొట్టిన దెబ్బలు గుర్తున్నాయి, మొహమే గుర్తు లేదు" అనేది మా నాయనమ్మ. ఈ మాటైనా ఏడుస్తూ చెప్పేదా అంటే, అదీ లేదు. ఆ మొహాన్ని ఎవరో ఎత్తుకుపోయినట్టు కోపంగా చెప్పేది.

పెళ్ళయి పేటకు వచ్చింది. మా తాత నాపరాళ్ళు పరిచే పని చేసేవాడు. ఆవిడ జిన్నింగు మిల్లులో పత్తి ఏరడానికి కుదిరి, ఆ దూది దుమ్ము మింగి మింగి జన్మకు సరిపడా దగ్గు తెచ్చుకుంది. తాత పోయాక మా నాన్న వీరాంజనేయులు చేతికి ఉలీ సుత్తీ ఇచ్చింది. నన్ను మాత్రం కాలేజీకి తోలింది. "చదవకపోతే కాళ్ళిరగ్గొడతానే అఖిలా" అనేది. అవి ఆవిడ దీవెనలు.

తొంభై తొమ్మిదిలో స్పిన్నింగు మిల్లు యజమాని నాగేంద్రబాబు హైవే పక్కన ఒక గెస్ట్‌హౌస్ కట్టించాడు. నూలు కొనడానికి కోయంబత్తూరు నుంచీ బొంబాయి నుంచీ వచ్చేవాళ్ళు అక్కడ దిగుతారు. అందులో నేలంతా పరిచింది మా నాన్నే. ఊడ్చి తుడవడానికి మనిషి కావాలంటే మా నాయనమ్మ తయారైంది. ఈ వయసులో నీకెందుకే అమ్మా అని మా నాన్న మొత్తుకున్నాడు. "నా కొడుకు పరిచిన రాళ్ళురా అవి. ఇంకెవతో వచ్చి పైపైన తుడిచిపోతే చూస్తా ఊరుకోమంటావా?" అంది.

హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉందని నాగేంద్రబాబు మద్రాసులో పాత వస్తువులమ్మే షాపు నుంచి ఒక ఫోటో తెప్పించాడు. తలుపు రెక్కంత ఫోటో. చెన్నపట్నం కోట. వచ్చిన ప్రతివాడినీ దాని ముందు నిలబెట్టి, "మా ముత్తాత ఈ కోటలోకి పత్తి తోలేవాడండి" అని మొదలుపెట్టేవాడు. ఆయన ముత్తాత ఏ కోటకూ ఏమీ తోలలేదని పేటలో అందరికీ తెలుసు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే అదే. బురుజు చూపించేవాడు, జెండా చూపించేవాడు, ఫిరంగులు చూపించేవాడు. ఫోటో అడుగున, గోడ ముందు, తట్టలతో పారలతో వరసగా నిలబడ్డ కూలీలను మాత్రం ఏనాడూ చూపించలేదు. ఆ గెస్ట్‌హౌస్ తర్వాత చేతులు మారింది. ఫోటో ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. అందుకే ఇప్పటికీ ఎక్కడ కోట ఫోటో కనిపించినా వంగి అడుగున చూస్తాను.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తుంటే మా నాయనమ్మ రోడ్డు మీదే నన్ను పట్టుకుంది. చెయ్యి పట్టి లాక్కుంటూ గెస్ట్‌హౌస్ పెరటి తలుపులోంచి హాల్లోకి తీసుకెళ్ళి ఫోటో ముందు నిలబెట్టింది.

"చూడు."

"కోట" అన్నాను.

"నీ మొహం మండ! కోట సంగతి నాకెందుకే? కింద చూడు."

చూశాను. వరస చివర ఒక ఆడమనిషి. నెత్తి మీద తట్ట, మోకాళ్ళ పైకి బిగించి కట్టిన చీర. సూటిగా మనవైపే చూస్తోంది. పక్కన ఒక పిల్ల. పిల్ల మొహం మాత్రం అలికేసినట్టు చెదిరిపోయి ఉంది. ఆ మనిషి ఒక చేత్తో తట్ట పట్టుకుని, రెండో చేత్తో ఆ పిల్ల జుట్టు గుప్పిట బిగించి పట్టుకుంది.

"దొర మూడు కాళ్ళ పెట్టె పెట్టి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకున్నాడు" అంది మా నాయనమ్మ. "ఎవరూ కదలొద్దని మేస్త్రీ కేకేశాడు. నాకా, కాలు నిలవదు. మా అమ్మ జుట్టు పట్టుకుని, కదిలావంటే చంపుతా అంది. అయినా కదిలా. అదుగో, అందుకే నా మొహం పడలేదు. అమ్మది చూడు, ఎంత బాగా పడిందో."

దొర ఫోటో తీసిన ఈ ముచ్చట ఆవిడ నా చిన్నప్పుడు జడ వేస్తూ చాలాసార్లు చెప్పింది. నేను కదిలినప్పుడల్లా చెప్పేది. చెప్పిన జుట్టు, చెప్పిన చెయ్యి, చెప్పిన తట్ట నా కళ్ళ ముందున్నాయి. ఇక నమ్మకపోవడానికి ఏముంది? అరవై ఏళ్ళ తర్వాత ఆ ముసలావిడకు తల్లి మొహం దొరికింది. దొరికి దొరికి నాగేంద్రబాబు గోడ మీద దొరికింది!

నేనే వెళ్ళి ఆయన్ని అడిగాను. "సార్, ఒక్కపూట స్టూడియోకి ఇవ్వండి. కాపీ తీయించుకుని మళ్ళీ మేమే తెచ్చి తగిలిస్తాం. అందులో మా నాయనమ్మ వాళ్ళమ్మ ఉంది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఆంధ్రాలో ఇంకెవరి దగ్గరా లేదంటేనే తెప్పించానమ్మా దీన్ని. నువ్వు కాపీలు తీసి పేటంతా పంచితే ఇక నా గోడకేం మిగులుద్ది? అయినా కూలోళ్ళంతా ఒకేలా ఉంటారు. ముసలామె ఏదో అనుకుంటే, చదువుకున్నదానివి నువ్వు కూడానా?"

కూలోళ్ళంతా ఒకేలా ఉంటారట! ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. ఇంటికొచ్చి చెబితే మా నాన్న మా ఇద్దరి మీదా విరుచుకుపడ్డాడు. మిల్లులో ఇంకా ఆయనకు పని ఉంది, మా నోళ్ళ వల్ల అది పోతుందని ఆయన భయం. మా నాయనమ్మ మాత్రం రోజూ పనికి వెళ్ళి, ఊడ్చి, తుడిచి, ఎవరూ లేనప్పుడు ఆ ఫోటో ముందు కాసేపు నిలబడి వచ్చేది.

మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫోటో ఉంటే అమావాస్యకు అద్దం తుడిచి, బొట్టు పెట్టి, ముందు కాస్త బెల్లం పెడతాం. బతికున్నవాళ్ళ ఫోటోకు పొరపాటున కూడా బొట్టు పెట్టం. బొట్టుందంటే ఆ మనిషి లేనట్టే లెక్క. మా నాయనమ్మ జీవితంలో తల్లికి ఒక్కసారి కూడా అలా పెట్టుకోలేదు. ఫోటో ఉంటే కదా! ఆ వచ్చిన అమావాస్యకు, అద్దం మీద సరిగ్గా వాళ్ళమ్మ నుదురున్న చోట కుంకుమ బొట్టు పెట్టి, సోఫా పక్కన తమలపాకులో బెల్లం ముక్క పెట్టి వచ్చింది.

ఆ సాయంత్రమే నాగేంద్రబాబు భార్య గెస్ట్‌హౌస్ చూడటానికి వచ్చింది. అమావాస్య. అద్దం మీద కుంకుమ. ఆకులో బెల్లం, చుట్టూ చీమలు. "చేతబడి! ఎవరో చేతబడి చేశారు!" అని కెవ్వుమని గేటు దాకా పరిగెత్తిందట. మర్నాడు పక్క ఊరి నుంచి మంత్రగాడు దిగాడు. వాడికేం, అడిగేవాడుంటే చాలు. నల్లకోడి అన్నాడు, నిమ్మకాయలన్నాడు, బూడిద గుమ్మడికాయ అన్నాడు. హాల్లో ముగ్గేసి, కోడి మెడ పట్టుకున్న సమయానికి మా నాయనమ్మ చీపురుతో లోపలికొచ్చింది.

"ఆగరా సచ్చినోడా! ఆ కోడినొదులు. చేతబడీ లేదు, గాడిద గుడ్డూ లేదు. మా అమ్మకి నేను బొట్టు పెట్టుకున్నా!"

అక్కడే కొంప మునిగింది. చేతబడి అని ఊరుకునుంటే ఒక్క కోడితో పోయేది. నిజం చెప్పేసరికి నాగేంద్రబాబు భార్య ఇంకా గట్టిగా అందుకుంది. "చచ్చినవాళ్ళ ఫోటోనా! మన హాల్లోనా! బొట్టు పెట్టాక అది చచ్చినవాళ్ళ ఫోటోనే కదండీ! తీసి అవతల పారేయండి!" పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. శనివారం బొంబాయి వాళ్ళకు భోజనాలున్నాయి, ముత్తాత పత్తి కథ సిద్ధంగా ఉంది. కాసేపు బుర్ర గోక్కుని, తన తెలివికి తనే మురిసిపోతూ ఒక ఉపాయం చెప్పాడు.

"కూలోళ్ళని చెరిపించేస్తే సరి. అప్పుడది ఉత్త కోటే."

మా నాయనమ్మను రేపట్నుంచి గేటులో అడుగు పెట్టొద్దన్నాడు.

పేటలో ఫోటోలకు ఫ్రేములు కట్టేదీ, పాత ఫోటోలకు కుంచెతో టచింగు చేసేదీ మొహిద్దీన్ బాషా. చిరిగిపోయిన తాతల ఫోటోలు ఎన్నింటికో మీసాలు దిద్దిన మనిషి. ఫోటో ఆయన షాపుకు వెళ్ళిందని తెలిసి మేమిద్దరం పరిగెత్తుకు వెళ్ళాం. అప్పటికే అయిపోయింది. కూలీలు నిలబడ్డ చోట గోడ, గోడ కింద నేల. తట్ట లేదు, పిల్ల లేదు, తల్లి లేదు. అక్కడెవరూ ఎప్పుడూ లేనట్టే ఉంది.

మా నాయనమ్మ బాషా కాలర్ పట్టుకుంది. "ఎంత పని చేశావురా! నీ చేతులు పడిపోను! మా అమ్మరా అది!"

"పిన్నీ, కాలరొదులు. చెప్పేది విను" అన్నాడు బాషా గొంతు తగ్గించి. "నేను చేయనంటే గుంటూరు పంపించి ఆయిల్ రంగు వేయిస్తానన్నాడు ఆయన. ఆయిల్ రంగు పడిందంటే ఇక ఆ దేవుడొచ్చినా తీయలేడు. నేను నీళ్ళ రంగేశా. తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తది."

ఆవిడ వెంటనే కొంగు తడపబోయింది. బాషా చెయ్యి పట్టుకున్నాడు. "ఇక్కడొద్దు. డ్రైవరు బయటే ఉన్నాడు, నా షాపు మూయిస్తారు. రంగు ఆరేదాకా అద్దం వేయకూడదని చెప్పా, ఇవాళ అద్దం లేకుండానే తీసుకెళ్ళి తగిలిస్తారు. ఆదివారం నేనే వెళ్ళి అద్దం బిగించాలి. ఈలోపల ఏం చేసుకుంటారో మీ ఇష్టం. ఆలస్యమైతే రంగు పట్టేసుద్ది, అప్పుడు నీళ్ళకి కూడా రాదు."

చెరిపే ముందు ఒక కాపీ తీయించలేకపోయావా అని నేను ఆయన మీద ఎగిరాను. డ్రైవర్ని ఎదురుగా కూర్చోబెట్టి చేయించారమ్మా, ఏం చేసేది అన్నాడు.

శనివారం మధ్యాహ్నం మా నాయనమ్మ బకెట్టులో నీళ్ళు నింపి, నేల తుడిచే గుడ్డ కాకుండా తన పాత చీర ముక్క ఒకటి ఉతికింది తీసుకుని బయల్దేరింది. వద్దంటే వినలేదు. పోలీసులంటే వినలేదు. నాన్న పని పోతుందంటే, "పోనీ. వాడి అమ్మకి మొహం ఉంది, వాడికేం?" అంది. నేనూ వెనకాలే నడిచాను. వంటల హడావిడిలో గేటు తెరిచే ఉంది. లోపల వాచ్‌మన్ ఉన్నాడు, వంటవాళ్ళున్నారు, వడ్డించేవాళ్ళున్నారు. ఒక్కడూ ఆపలేదు. చేతిలో బకెట్టున్న ముసలిదాన్ని ఎవడు చూస్తాడు?

హాల్లో జనం ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నాగేంద్రబాబు ఫోటో పక్కన నిలబడి పత్తిబండ్లు కోటలోకి ఎలా పోయేవో హిందీలో వివరిస్తున్నాడు. మా నాయనమ్మ ఆయన్ని దాటుకుని వెళ్ళి, బకెట్టు సోఫా పక్కన పెట్టి, మట్టికాళ్ళతో ఆ తెల్లసోఫా ఎక్కింది. గుడ్డ ముంచి, పిండి, ఫోటో మీద అద్దింది.

ఏమీ కాలేదు. రంగు రంగులాగే ఉంది. ఆలస్యమైపోయిందనుకున్నాను. ఆవిడ మళ్ళీ గుడ్డ ముంచి, ఈసారి పిండకుండానే పెట్టి, మెల్లగా తుడిచింది. మట్టిరంగు నీళ్ళు ఫ్రేము మీదుగా సోఫా మీదకు కారాయి. తట్ట అంచు కనిపించింది.

"ఏయ్ ముసల్దానా! దిగు!" నాగేంద్రబాబు గొంతు చీరుకుపోయింది. "వాచ్‌మన్! ఎవర్రా దీన్ని లోపలికి రానిచ్చింది? పోలీసులకి పట్టిస్తా!"

ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. "తాటాకు చప్పుళ్ళకి బెదిరేదాన్ని కాదయ్యా. పట్టించు. ఏమని రాయిస్తావు? వాళ్ళమ్మ మొహం కడిగిందని రాయిస్తావా?"

అతిథుల్లో ఒకాయన ఎవరీమె అని అడిగాడు. నాగేంద్రబాబు, పిచ్చిది అన్నాడు. అంతే, నాకు ఆగలేదు. వచ్చిన హిందీ, వచ్చిన ఇంగ్లీషు, రానిదంతా తెలుగు కలిపి అరిచాను. "పిచ్చిది కాదు! ఆ ఫోటోలో ఉన్నది ఈవిడ తల్లి. ఆ కోట గోడకు సున్నం మోసి, అక్కడే చచ్చిపోయింది. ఈయన రంగు పూయించాడు. ఈయన ముత్తాత ఏ కోటకూ ఏమీ తోలలేదు, కావాలంటే పేటలో ఎవర్నైనా అడగండి!"

సోఫా మీద మా నాయనమ్మ తుడుస్తూనే ఉంది. నుదురు వచ్చింది. కళ్ళు వచ్చాయి. చెంపలు, బిగించిన పెదాలు, మెడలో నల్లపూసలు. మొహం మొత్తం వచ్చింది. చూస్తే చిన్నపిల్ల. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. దాని ముందు తెల్లజుట్టుతో, ముడతలతో, దగ్గుతో దాని కూతురు నిలబడి ఉంది.

ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ అరిచింది. మా వీధిలో ఎన్నో అరుపులు విన్నాను, అలాంటిది ఎప్పుడూ వినలేదు.

"నన్ను కదలొద్దన్నావే! కదిలితే చంపుతానని జుట్టు పట్టుకున్నావే! మరి నువ్వెట్టా పోయావే? నన్నొక్కదాన్ని వదిలేసి, చెప్పాపెట్టకుండా ఎట్టా పోయావే దొంగముండా!"

ఇన్నేళ్ళూ మా అందరి మీదా పడ్డ తిట్లు అసలు ఎవరికి చేరాల్సినవో నాకప్పుడు తెలిసింది. ఆవిడ ఆగలేదు. అమ్మ కళ్ళలోకి చూస్తూ, గుడ్డలోంచి నీళ్ళు మోచేతి దాకా కారుతుంటే, గుక్క తిప్పుకోకుండా తిడుతూనే ఉంది. వాచ్‌మన్ వచ్చి ఆవిడ రెక్క పట్టుకోబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఆగు" అన్నాను. "వాళ్ళమ్మతో మాట్లాడుతోంది."